గంగాలమ్మ వేలు, మావయ్య మందు

విశాఖపట్నం,
జూన్, ఆదివారం

మావయ్యా,

మనం ఇక ఫోన్‌లో మాట్లాడుకోవడం మానేద్దాం. మొన్న నేను "ఐసీయూలో చేరాను" అన్నాను. నువ్వు "ఏ జబ్బుతో?" అని అడిగి, నా జవాబు వినకుండానే చొక్కా వేసుకుని బస్టాండుకు బయల్దేరావట. అత్త గుమ్మం దగ్గర పట్టుకుని వెనక్కి లాక్కొచ్చిందట. నేను చేరింది ఉద్యోగంలో, మావయ్యా. మంచం మీద కాదు.

చెవి మిషన్ పెట్టుకోనని నువ్వు భీష్మించుకున్నావు కాబట్టి మనకు ఉత్తరాలే గతి. నేను కాగితం మీద రాసి, ఫొటో తీసి అత్త ఫోన్‌కు పంపుతాను. నువ్వూ అలాగే రాసి అత్తకివ్వు. నీ చేతిరాత చదవడానికి మందుల షాపువాళ్లు అలవాటు పడ్డారు గదా, నేనూ పడతాను.

ఆసుపత్రి ఫిషింగ్ హార్బర్‌కు దగ్గర్లోనే. కిటికీ తెరిస్తే ఎండుచేపల వాసన, మూస్తే ఫినాయిల్ వాసన. మా పెద్ద డాక్టరు తిరుమలరావు గారు. మంచి మనిషి, మంచి చెయ్యి. ఒక్క విషయంలో మాత్రం మా ఇద్దరికీ కుదరడం లేదు. ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకి రక్తపోటు పడిపోయిన రోగి వచ్చాడంటే ఆయన మొదటి మాట డోపమిన్. హోటలువాళ్లు పొద్దున్నే చట్నీ రుబ్బి పెట్టుకున్నట్టు మా సిస్టర్లు డోపమిన్ సిరంజి నింపి ట్రేలో సిద్ధంగా ఉంచుతారు. సెప్టిక్ షాక్‌కు ఇప్పుడు మొదట పెట్టేది నార్ అడ్రినలిన్ కదా సార్ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మా గురువుగారు శ్రీరామ్మూర్తి గారు ఉక్కునగరంలో ఎంతమందిని నిలబెట్టారో తెలుసా? అందరికీ డోపమినే" అన్నారు.

నాకు దగ్గొచ్చింది.

ఆ గురువుగారు నా మావయ్యేనని చెప్పలేదు. చెబితే ఈ ఉద్యోగం నీ సిఫారసుతో వచ్చిందనుకుంటారు. పైగా ఆయన "మా గురువుగారు" అన్నప్పుడల్లా నువ్వు లుంగీ ఎగ్గట్టి చామంతి మొక్కలకు పురుగుమందు కొట్టడం నా కళ్లముందు కనపడుతుంది. ఆ సరదా పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

నిజం చెప్పు. ఈ రోజుకీ నువ్వయితే మొదట డోపమినే పెడతావా?

నీ మేనకోడలు,
రోజారమణి


ఆనందపురం,
జూన్ ఆఖరు

డాక్టరమ్మా రోజా,

ఆశీస్సులు. తిరుమలరావు నన్నింకా గురువుగారూ అంటున్నాడా? పరీక్షలో వాడికి నేను సగం మార్కులే వేశాను. మంచి చేసినవాళ్లను మర్చిపోయినా సగం మార్కులు వేసినవాణ్ని ఎవరూ మర్చిపోరు.

నీ ప్రశ్నకు జవాబు: పెడతాను. డోపమిన్ నాకు పాత స్కూటరు లాంటిది. దాని శబ్దం తెలుసు, ఎక్కడ మొరాయిస్తుందో తెలుసు. మీ నార్ అడ్రినలిన్ మా కాలంలో అందరికన్నా ఆఖరున వచ్చే చుట్టం. అది ఎక్కించామంటే బంధువులకు కబురు పెట్టమని అర్థం. నరంలోంచి బయటికి జారితే చర్మం కమిలిపోయేది, వేళ్లు నల్లబడేవి. అదే డోపమిన్ పెడితే రోగికి మూత్రం ధారగా వచ్చేది. కిడ్నీలు నిలబడ్డాయని మేం టీ తెప్పించుకుని తాగేవాళ్లం. ఇప్పుడు నువ్వొచ్చి ఆ టీ అంతా దండగంటున్నావు.

సరే, వాదించు. ఒక్కటే షరతు. నువ్వు చెప్పేది మీ ఈశ్వరత్తకు అర్థం కావాలి. తీర్పు ఆవిడదే. నీకో నాకో అర్థమయ్యేలా రాయడం పెద్ద పనేమీ కాదు, మనిద్దరం ఎటూ చదువు చెడిన డాక్టర్లం.

మొగలి పొద చాటున కోడి గుడ్లు పొదుగుతోంది. మీ అత్త నాకన్నా దాన్నే ఎక్కువ కనిపెట్టుకుని ఉంటోంది.

మీ మావయ్య

రోజా, నాను అత్తని. ఈ కాయితం మీద పైన మూల నల్లగా ఉన్నాది నా బొటనేలు. రెండుసార్లు తీసినా అదే వచ్చింది. ఏటనుకోకు. మందుల సంగతి రాయి, సదువుతాను. ఈయన కన్నా నాకు బుర్ర ఉన్నాదని నీకు తెల్సు కదా.


విశాఖపట్నం,
జూలై

ఈశ్వరత్తకు, ఆవిడ పక్కన కూర్చుని తొంగిచూస్తున్న మావయ్యకు,

అత్తా, మీ చామంతి మళ్లకు నీళ్లు పెట్టే రబ్బరు గొట్టం ఉంది కదా. అది ఎండకు సాగి వదులైపోయిందనుకో. మోటారు తిరుగుతూనే ఉంటుంది, కానీ ఆఖరి మొక్కకు నీళ్లందవు. సెప్టిక్ షాక్‌లో ఒంట్లో రక్తనాళాలు అలాగే వదులైపోతాయి. గుండె ఆ మోటారు, మెదడు, కిడ్నీలు ఆ ఆఖరి మొక్కలు. అప్పుడేం చేస్తాం? ముందు తొట్టి నింపుతాం. అది సెలైన్. పురుగును చంపుతాం. అది యాంటీబయాటిక్, ఏమాత్రం ఆలస్యం చెయ్యకుండా పడాలి. అప్పటికీ ఒత్తిడి రాకపోతే, అప్పుడు ఈ మందుల గొడవ మొదలవుతుంది.

నార్ అడ్రినలిన్ ముఖ్యంగా గొట్టాన్ని బిగిస్తుంది. డోపమిన్ గొట్టాన్నీ కొంత బిగిస్తుంది, కానీ మోటారును కర్ర పుచ్చుకుని తరుముతుంది. జ్వరంతో, భయంతో అప్పటికే రొప్పుతున్న మోటారు అది. కొందరికి తాళం తప్పిపోతుంది.

ఇది మావయ్యకు. రెండు మందుల్నీ పక్కపక్కన పెట్టి పెద్ద పరీక్షలే చేశారు. చనిపోయినవాళ్ల లెక్కలో పెద్ద తేడా రాలేదు, అది ఒప్పుకుంటాను. గుండె తాళం తప్పడం మాత్రం డోపమిన్ వాళ్లలో దాదాపు రెట్టింపు. ఇక నీ మూత్రం ధార: అది వచ్చినమాట నిజమే, కిడ్నీలను కాపాడినమాట నిజం కాదని తేలింది. నల్లబడే వేళ్ల సంగతా? ఎక్కువ మోతాదులో డోపమిన్ కూడా వేళ్లను నల్లబరుస్తుంది, నరం బయటికి జారితే అదీ చర్మాన్ని కాలుస్తుంది. మీరు నార్ అడ్రినలిన్‌ను ఆఖర్న, అన్నీ అయిపోయిన రోగికి పెట్టేవాళ్లు. వాళ్లు పోతే నేరం దాని నెత్తిన పడేది.

నీ స్కూటర్‌ను తుక్కు కింద అమ్మమనడం లేదు. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకునేవాళ్లు కొద్దిమందికి అదింకా పనికొస్తుంది. కానీ ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్లినా మొదట దానిమీదే వెళ్లాలనడం మాత్రం అన్యాయం.

తీర్పు చెప్పు అత్తా.

రోజా


ఆనందపురం,
జూలై

రోజా,

తీర్పు నువ్వు కిందెలాగూ చదువుతావు. నేను అప్పీలుకు వెళ్లొచ్చుగానీ పై కోర్టులో కూడా మీ అత్తే కూర్చుంటుంది.

ఒక్కమాట అడుగుతాను. ఇదంతా తిరుమలరావుకు చెప్పావా? నాకు చెప్పడం తేలిక. నేను నీకు జీతం ఇవ్వడం లేదు, నీ సెలవు చీటీ మీద సంతకం పెట్టడం లేదు. చామంతి తోటలో గెలిచి ఐసీయూలో ఊరుకుంటే లాభం లేదు.

మావయ్య

రోజా, ఆ రెండో మందు పేరు నోరు తిరగలేదు గానీ గెలిసింది అదే. రొప్పుతున్నదాన్ని కర్రుచ్చుకుని తరవడం ఏటి, బుద్ధి నేకపోతే సరి. ఈయన పొద్దున్నుంచీ నాతో మాటాడ్డం నేదు. కోడికి తొమ్మిది పిల్లలయినాయి, ఈయనకి అదీ సెప్పనేదు.


విశాఖపట్నం,
ఆగస్టు

మావయ్యా,

నిన్నటి సంగతి రాస్తున్నాను. ఎగతాళి చెయ్యకుండా చదువు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆటోలో ఒకావిడను తీసుకొచ్చారు. పేరు గంగాలమ్మ. హార్బర్లో చేపల వేలంపాట వేస్తుంది. అరవై దాటి ఉంటాయి. చూపుడువేలికి జెల్ల చేప ముల్లు గుచ్చుకుంది. పసుపూ సున్నం కలిపి పట్టు వేసుకుని, గుడ్డ చుట్టుకుని, వేలానికి మాత్రం మానకుండా వెళ్లింది. చెయ్యి మోచేతిదాకా వాచి, చలిజ్వరం వచ్చి, ఉన్నట్టుండి గంపల మధ్య కూలబడిపోయిందని కూతురు అనూరాధ ఏడుస్తూ చెప్పింది.

రక్తపోటు డెబ్బై మీద నలభై. గుండె నిమిషానికి నూట నలభై కొడుతూ మధ్యమధ్య తాళం తప్పుతోంది. స్పృహ ఉంది గానీ ఎక్కడుందో తెలియదు. సిస్టర్ కనకరత్నాన్ని చూసి చేపలు కొనడానికొచ్చిన మనిషనుకుని, "పాట సెప్పు, ఊరికే నిలబడిపోనావేటి" అని గద్దించింది. కనకరత్నం పాపం, "సెప్తానమ్మా, ముందు సెయ్యి సూపించు" అంటూ సూది గుచ్చింది.

రక్తం పరీక్షకు తీశాం. యాంటీబయాటిక్ పడింది. సెలైన్ సీసాలు పరుగెత్తాయి. రక్తపోటు మాత్రం లేవలేదు. తిరుమలరావు గారు అప్పుడే దువ్వాడలోని తన ఇంటికి బయల్దేరి దారిలో ఉన్నారు. ఫోన్ చేశాను.

"డోపమిన్ పెట్టమ్మా. ట్రేలో ఉంది కదా" అన్నారు.

గుండె ఇప్పటికే పరిగెడుతోందని, తాళం తప్పుతోందని, నార్ అడ్రినలిన్ పెడతానని చెప్పాను. మెడలో పెద్ద లైను లేకుండా ఆ మందు ఎలా ఎక్కిస్తావన్నారు. బాగున్న చేతికి మోచేతి దగ్గర లావుపాటి నరం దొరికిందని, లైను వేసేదాకా అందులోంచి ఎక్కించి కళ్లార్పకుండా చూసుకుంటానని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు.

"మా గురువుగారు ఇలాంటప్పుడు..." అని మొదలుపెట్టారు.

"మీ గురువుగారు మా మావయ్య సార్. మా అమ్మకు అన్నయ్య."

అటు నుంచి లారీ హారన్ ఒక్కటే వినపడింది.

"అయితే ఆయన్నే అడుగు" అన్నారు చివరికి.

"ఆయనకు ఫోన్‌లో వినపడదు సార్."

పక్కన ఎవరు నిలబడతారని అడిగారు. నేనేనన్నాను. "ఆ చెయ్యి కదలనివ్వకు. నేను వెనక్కి తిరుగుతున్నాను" అని ఫోన్ పెట్టేశారు.

మందు మొదలుపెట్టాను. అద్భుతమేమీ జరగలేదు. డెబ్బై అయిదయింది. మళ్లీ డెబ్బై రెండయింది. మోతాదు పెంచాను. కనకరత్నం ఆ నరం చుట్టూ చర్మాన్ని పసిపిల్ల నుదురు తడిమినట్టు మాటిమాటికీ తడిమి చూసింది. కాసేపటికి ఎనభై దాటింది. తిరుమలరావు గారు చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చి, మెడలో లైను తనే వేశారు. ఆ చెయ్యి చూస్తే నువ్వు మిగతా సగం మార్కులు కూడా వేసేవాడివి. అప్పటికి పై అంకె తొంభై దాటింది. సర్జన్ వచ్చి గాయం కోసి చీము తీశాడు.

ఈ ఉదయానికి మందు మోతాదు ఎక్కువే నడుస్తోంది. దానికి తోడు వాసోప్రెసిన్ అనే ఇంకో మందు కూడా జోడించాం. గండం గడిచిందని చెప్పలేను. అనూరాధ బయట బెంచీ మీదనుంచి కదలడం లేదు.

నాకు భయంగా ఉంది, మావయ్యా. పుస్తకంలో రాసింది చెయ్యడం వేరు, నా చేత్తో మందు మీట తిప్పడం వేరు.

రోజా


ఆనందపురం,
ఆగస్టు

అమ్మా రోజా,

భయం ఉండాలి. భయం లేని డాక్టరు దగ్గరికి నేనైతే వైద్యానికి వెళ్లను.

మందు పెట్టడంతో నీ పని సగమే అయింది. రోజూ కొంచెం కొంచెం తగ్గించి చూడు, ఆవిడ ఒళ్లు తనంతట తను ఎంతవరకు నిలబడుతోందో అడుగు. మూత్రం చూడు. అరిచేతులు ముట్టుకో. రాత్రంతా మేలుకుని మొనగత్తెననిపించుకోకు, కాసేపు పడుకో.

"మా అమ్మకు అన్నయ్య" అని చెప్పడానికి నీకు దొరికింది ఆ సమయమా? తిరుమలరావు కారు ఎక్కడ గుద్దేసేవాడో.

గంగాలమ్మ సంగతి వెంటనే రాయి. రెండు ముక్కలైనా చాలు.

మావయ్య

రోజా, నూకాలమ్మకి మొక్కీసినాను. మందు నువ్వు సూసుకో, మిగతాది నాను సూసుకుంతాను.


విశాఖపట్నం,
సెప్టెంబరు

మావయ్యా,

గంగాలమ్మ బతికింది. మందులన్నీ ఆపేశాం. వార్డులోకి మార్చాం. గంజి చప్పగా ఉందని వంటవాణ్ని పిలిపించి మరీ తిట్టింది.

ఇది రాయాల్సిన తీరులో రాయలేకపోతున్నాను. చూపుడువేలు కొన నల్లబడిపోయింది. సర్జన్ పై కణుపు తీసెయ్యాల్సి వచ్చింది.

గంగాలమ్మ వచ్చాక ట్రేలోంచి పోయిన డోపమిన్ సిరంజి ఆ మర్నాడే తిరిగొచ్చింది. తిరుమలరావు గారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ప్రాణం నిలబెట్టావమ్మా, కాదనను. కానీ వేలు ఆ మందే తిన్నది. చేత్తో బతికే మనిషి ఆవిడ" అన్నారు. ఇన్‌ఫెక్షన్ వల్ల పోయిందన్నాను. మిగతా తొమ్మిది వేళ్లూ బాగానే ఉన్నాయి కదా అన్నాను. "వచ్చినప్పుడు ఆ వేలు ఏ రంగులో ఉంది? నువ్వు చూశావా?" అని అడిగారు.

చూశాను. పసుపూ సున్నం అట్టకట్టి ఉన్న వేలును చూశాను. దాని కింద రంగేమిటో నేను చూడలేదు. రక్తపోటు డెబ్బై ఉన్న మనిషి వేలును కడుగుతూ కూర్చోలేదు. సర్జన్ కడిగేసరికి మందు ఎక్కుతూ కొన్ని గంటలైంది. అందుకని ఆయన చెప్పింది తప్పని నేను గట్టిగా అనలేను. నాదే సరైనదనీ అనలేను. రోజూ రౌండ్లలో ఆవిడ మంచం దగ్గరే ఇద్దరం ఇదే వాదించుకుంటున్నాం. సిస్టర్లు మా మొహాలు చూసి ట్రేలో రెండు సిరంజిలూ పెడుతున్నారు, ఎవరొస్తే వాళ్లది అందించడానికి.

మొన్న ఆవిడ కట్టు విప్పినప్పుడు పక్కకు చూశాను. నువ్వెప్పుడైనా అలా చూశావా?

రోజా


ఆనందపురం,
సెప్టెంబరు ఆఖరు

రోజా,

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. నీకు సెలవెప్పుడో మీ అత్త చేత కూపీ లాగించి, ఆ రోజే బస్సెక్కి మీ ఆసుపత్రికి వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఏదో అడిగాడు. వయసనుకుని డెబ్బై రెండన్నాను. వాడు నన్ను వృద్ధుల ఓపీ వరసలో నిలబెట్టాడు. బీపీ చూశారు. బాగానే ఉందట. అక్కణ్నుంచి తప్పించుకుని గంగాలమ్మ వార్డు పట్టుకున్నాను.

నేను రోజా మావయ్యనని, చెవులు సరిగా వినపడవని చెప్పాను. ఆవిడ మాట్లాడింది. రోజా, నాకు వినపడింది. ప్రతి అక్షరం వినపడింది. మీ అత్త మాటల్ని పెదాలు చూసి ఊహించుకోవడం మొదలుపెట్టి ఏళ్లయింది. ఈవిడ గోడ వైపు తిరిగి కూతుర్ని మంచినీళ్లడిగినా నాకు వినపడింది. చుట్టుపక్కల మంచాలవాళ్లు చెవులు మూసుకున్నారు గానీ నాకు మాత్రం అక్కణ్నుంచి లేవబుద్ధి కాలేదు. ఏ చేప ఏ నెలలో పడుతుందో, ఎవరు గంప అడుగున చిన్నవి పెట్టి పైన పెద్దవి పేరుస్తారో అన్నీ చెప్పించుకున్నాను. తర్వాత అడిగాను, ఆ వేలు ఎప్పుడు నల్లబడిందమ్మా అని.

"ఇక్కడికి రాకముందే బాబూ. గోరు కిందనుంచి నల్లగా ఎక్కీసినాది. పిల్ల సూత్తే ఏడుత్తాదని పసుపు మందంగా రాసీసినాను" అంది.

మరి డాక్టర్లకు చెప్పలేదేం అన్నాను.

"నన్నెవలడిగినారు? ఆలిద్దరూ నా ఏలు గురించి ఆలే దెబ్బలాడుకుంతన్నారు. మద్దెన నానెందుకు దూరడం?"

ఇన్నాళ్లూ ఆవిడ మంచం పక్కన నిలబడి ఇద్దరు డాక్టర్లు వాదించుకున్నారు, వేలు ఎవరిదో ఆవిడను మాత్రం అడగలేదు. నీకు నవ్వు రాకపోవచ్చు. నాకొచ్చింది. తిరుమలరావును పిలిపించాను. వాడొచ్చి కాళ్లకు దణ్ణం పెట్టాడు. గంగాలమ్మ చెప్పిందంతా మళ్లీ చెప్పింది. కింది అంతస్తులో కూడా విని ఉంటారు.

వాడు కుర్చీలో కూర్చుని జేబులోంచి పెన్ను తీసి, మీరు నేర్పిందే చేస్తున్నాను సార్ అని కాగితం మీద రాసి చూపించాడు.

"నేర్పినప్పుడు అది సరైనదేరా. నువ్వు నా దగ్గర చదివి ఎన్నేళ్లయింది?" అన్నాను.

వాడు నా చెవి దగ్గరికి వంగి అరిచాడు. "పరీక్షలో ఆ మందు పేరు రాయలేదని సగం మార్కులు కోసేశారు సార్. అప్పట్నుంచి ఇంకో పేరు రాయలేదు."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఒక్క గంగాలమ్మ బతికినంత మాత్రాన ఆ మందు గొప్పదనీ కాదు, ఆ వేలు దానివల్లే పోయి ఉన్నా అది చెడ్డదనీ కాదు, అందుకేగా వందలమంది మీద పరీక్షలు చేసింది అన్నాను. వాడు తలూపాడు. నేనేమీ ఆజ్ఞ వెయ్యలేదు. ఒక్కటి అడిగాను. ఆ మధ్యాహ్నం ఆవిడ రాగానే ఆ గుండె అలా కొట్టుకోవడం నీ కళ్లతో చూసి ఉంటే ఏది పెట్టేవాడివి? వాడు గంగాలమ్మ కట్టు వైపు చూస్తూ పెదాలు కదిపాడు. శబ్దం నాకు చేరలేదు గానీ అది పొడుగు మాట. డోపమిన్ అంత పొడుగుండదు.

నీ ప్రశ్నకు జవాబు. అవును, నేనూ పక్కకు చూశాను, చాలాసార్లు. తర్వాత తిరిగి చూడాలి. రేపు వెళ్లి ఆవిడ కట్టు నువ్వే విప్పు.

మావయ్య

రోజా, ఈయన ఆస్పత్రి నుంచి వచ్చిన కాడినుంచి నన్ను గంగాలమ్మలాగా మాటాడమంటన్నారు. నాకు గొంతు రాసిపోనాది. ఆ సెవి మిసను ఏదో కొనీసి పట్రా, నాను పెట్టిత్తాను.


విశాఖపట్నం,
నవంబరు

మావయ్యా, అత్తా,

ఇక్కడ సంగతులు. ట్రేలో ఇప్పుడు ఒకే సిరంజి ఉంటోంది. తిరుమలరావు గారు మీటింగు పెట్టి, నార్ అడ్రినలిన్‌ను చేతి నరంలోంచి ఎక్కించేటప్పుడు ఎలా కనిపెట్టుకుని ఉండాలో కనకరత్నం చేతే అందరికీ చెప్పించారు. డోపమిన్‌ను అల్మారా పై అరలో పెట్టించారు. "గురువుగారు సవరణ చేశారు" అని ప్రకటించారు. సవరణ నాది కదా అని నేననలేదు. తర్వాత ఆయనే గదిలోకి పిలిచి, రోగి కొత్తగా రాగానే వేళ్లూ గోళ్లూ కడిగి చూడడం కూడా మన పద్ధతిలో చేర్చమ్మా అన్నారు. చేర్చాను. పోయినవారం ఒక పెద్దాయన అదే షాక్‌లో వచ్చాడు. మేమిద్దరం ఏమీ వాదించుకోలేదు. ఆయన లైను వేస్తుంటే నేను మీట తిప్పాను. ఆ పెద్దాయన మాకు దక్కలేదు. ఊపిరితిత్తులు అప్పటికే చెడిపోయాయి. సరైన మందు పెట్టినా పోతారని తెలుసు, అయినా ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

అందుకేనేమో మర్నాడు రాత్రి డ్యూటీ దిగాక ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. ఇంకా తెల్లవారలేదు. హార్బర్ వైపు నడిచాను. గంగాలమ్మ ఆ రోజే మళ్లీ పనిలోకి వస్తోందని అనూరాధ అంతకుముందు చెప్పింది.

బోట్లు వచ్చి నిలబడ్డాయి. ఐసు ముక్కలు కాళ్లకింద కరకరలాడుతున్నాయి. నేను జనంలో ఒక పక్కన నిలబడ్డాను. గంగాలమ్మ నీలం పట్టా పరిచి సందువ చేపలు వరసగా పేరుస్తోంది. ఆ చేతి మీద నా కళ్లు నిలిచాయి. పట్టు చిక్కడం లేదు, ఒక చేప జారింది. మళ్లీ తీసింది. బొటనవేలికీ నడివేలికీ మధ్య ఇరికించి పట్టుకోవడం నేర్చుకుంటోంది. మూడోసారికి జారలేదు. పక్కనున్న ఆడమనిషి సాయానికి చెయ్యి చాపితే దాన్ని పక్కకు నెట్టేసింది.

అంతా పేర్చాక నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచి నిలబడింది. చుట్టూ చూసింది. నన్ను చూసింది. ఆ చేతినే పైకెత్తి నా వైపు ఊపింది. నేనూ చెయ్యి ఊపాను.

"అది కాదు డాక్టరమ్మా, ఎనక్కెళ్లు" అంది, హార్బరంతా వినపడేలా. "దీపానికి అడ్డంగా నిలబడిపోనావు. కొనీవోల్లకి సేపలు అవుపడొద్దా?"

అందరూ నవ్వారు. నేను వెనక్కి జరిగాను. చేపల మీద వెలుతురు పడింది. ఆవిడ పాట మొదలుపెట్టింది.

మీ
రోజా